పాత కారుకు కొత్త టైర్లు: ఎత్తు, వయసు, వాడకం

పాత కారును బాగుచేయించుకునేవాళ్ళు ఇంజను పని కోసం నెలల తరబడి ఓపిక పడతారు. అసలు రంగు దొరికేదాకా ఊళ్ళు తిరుగుతారు. సీటు గుడ్డ నేత కలవకపోతే విప్పించి మళ్ళీ కుట్టిస్తారు. టైర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రిమ్ము అంగుళాలు చెప్పి, షాపులో ఉన్నవి వేయించుకుని వచ్చేస్తారు. ఆ కారు ఎంత దూరంలో ఆగుతుందో, వానలో మలుపు ఎలా తిరుగుతుందో, స్టీరింగ్ చేతికి ఎంత బరువుగా తగులుతుందో తేల్చేది చివరికి టైరే. బ్రేకు ఎంత బాగున్నా, దాని పట్టు టైరు దాటి రోడ్డుకు చేరాలి.

ఈ ఎంపిక తేలిక కాకపోవడానికి కారణాలున్నాయి. ఆ కార్లు తయారైననాటి సైజులు చాలావరకు బజారులో లేవు. టైరు లోపలి కట్టడమే మారిపోయింది. ట్యూబులు పోయి ట్యూబ్‌లెస్ వచ్చింది. రిమ్ములు వెడల్పయ్యాయి. దిగుమతులకు నిబంధనలు వచ్చాయి. పైగా ఒకరు అసలు రూపం చెడకూడదంటారు, మరొకరు భద్రతే ముఖ్యమంటారు. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలిందొక్కటే: పాత కారు టైరు విషయంలో వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం, అందం కంటే వయసు ముఖ్యం. ఆ రెండూ కుదిరాక మిగిలినవాటిని కారు వాడకాన్ని బట్టి తేల్చుకోవచ్చు.

అప్పటి కట్టడం, ఇప్పటి కట్టడం

1950, 60లలో మన దేశంలో తిరిగిన కార్లన్నీ దాదాపుగా క్రాస్ ప్లై టైర్ల మీదే నడిచాయి. ఈ టైరులో దారాల పొరలు ఒక అంచు నుంచి మరో అంచుకు ఏటవాలుగా, ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతూ వెళతాయి. తర్వాతి కాలంలో ఆ దారాలు నైలానువి కావడంతో మన షాపుల్లో వీటిని నైలాన్ టైర్లంటారు. పక్క గోడ, నేలను తాకే భాగం (ట్రెడ్) ఒకే కట్టడం కావడంతో పక్క గోడ వంగినప్పుడల్లా కింది భాగమూ మెలిపడుతుంది. పొరలు ఒకదానితో ఒకటి రాసుకుని వేడెక్కుతాయి. వేగం పెరిగేకొద్దీ ఆ వేడీ పెరుగుతుంది.

రేడియల్ టైరులో దారాలు టైరు తిరిగే దిశకు అడ్డంగా, నిలువునా వెళతాయి. వాటి మీద ట్రెడ్ కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. పక్క గోడ ఎంత వంగినా ట్రెడ్ నేల మీద చదునుగా నిలబడుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన మిషెలిన్ కంపెనీ 1946లో దీనికి పేటెంట్ తీసుకుని, 1949లో ఎక్స్ అనే పేరుతో బజారులోకి తెచ్చింది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ ఈ టైర్లతోనే రోడ్డెక్కింది. అమెరికాలో రేడియల్ స్థిరపడటానికి 1970లు రావాల్సి వచ్చింది.

మన దేశంలో డన్‌లప్ కంపెనీ 1936లోనే హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. మద్రాసులో బెలూన్లతో మొదలైన ఎమ్మారెఫ్ 1961లో టైర్ల తయారీలోకి దిగింది. ఉక్కు రేడియల్‌ను 1977లో జేకే టైర్ తెచ్చింది. అయినా అంబాసిడర్లు, పద్మినిలు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు నైలాన్ మీదే నడిచాయి. గుంతల రోడ్ల మీద నైలాన్ టైరు పక్క గోడ దెబ్బలకు తట్టుకునేది. ధర తక్కువ. అరిగితే రీట్రేడింగ్ చేయించుకోవచ్చు. టాక్సీవాళ్ళకు అంతకంటే ఏం కావాలి? ఈ చరిత్ర ఎంపికకు పనికొస్తుంది. మీ కారు సస్పెన్షన్‌నూ స్టీరింగ్‌నూ ఇంజనీర్లు ఏ రకం టైరును ఊహించుకుని అమర్చారో దీన్నిబట్టే తెలుస్తుంది.

సైజు చదవడం

పాత టైరు మీద 5.90-15 అని ఉంటే వెడల్పు 5.90 అంగుళాలు, రిమ్ము 15 అంగుళాలు అని అర్థం. పక్క గోడ ఎత్తు ఎంతో అందులో రాయలేదు. ఆ తరం టైర్లలో ఎత్తు దాదాపు వెడల్పంత, సుమారు 95 శాతం ఉండేది. తర్వాతి కాలపు క్రాస్ ప్లైలలో అది 80 శాతానికి దగ్గరపడింది. మధ్యలో అక్షరాలతో రాసే పద్ధతి ఒకటి వచ్చింది. మారుతి జిప్సీ యజమానులకు తెలిసిన ఎఫ్78-15 అలాంటిదే. అందులో అక్షరం మోయగల బరువును, 78 ఎత్తు శాతాన్ని చెబుతుంది.

నేటి పద్ధతిలో 165/80 ఆర్ 14 అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, కట్టడం రేడియల్, రిమ్ము 14 అంగుళాలు. టైరు మొత్తం ఎత్తు కావాలంటే పక్క గోడ ఎత్తును రెట్టింపు చేసి రిమ్ము కొలతను కలపాలి. 165లో 80 శాతం 132. దాని రెట్టింపు 264. 14 అంగుళాలంటే 356 మిల్లీమీటర్లు. మొత్తం 620.

పాత కారు యజమాని నేర్చుకోవాల్సిన లెక్క ఇదొక్కటే. టైరు ఎత్తు తగ్గితే కారు నేలకు దగ్గరవుతుంది, అదే వేగానికి ఇంజను ఎక్కువ చుట్లు తిరుగుతుంది, స్పీడోమీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఎత్తు పెరిగితే గేరు బరువెక్కి ఎత్తు రోడ్ల మీద ఇంజను మూలుగుతుంది, మడ్‌గార్డుకు టైరు రాసుకునే ప్రమాదం వస్తుంది. అసలు ఎత్తుకు అటూ ఇటూ రెండు మూడు శాతం దాటకుండా చూసుకుంటే కారు తన నడకను మార్చుకోదు.

నైలానా, రేడియలా

ఈ వాదన ప్రపంచమంతటా ఉంది. క్రాస్ ప్లై పక్షాన మాట్లాడేవాళ్ళు రూపం గురించే చెబుతారనుకుంటే పొరపాటు. పాత సస్పెన్షన్‌ను ఆ టైరు మెత్తదనాన్ని లెక్కలోకి తీసుకునే తయారుచేశారని, క్రాస్ ప్లై పట్టు తప్పేముందు నిదానంగా జారుతూ డ్రైవరుకు సంకేతం ఇస్తుందని, రేడియల్ గట్టిగా పట్టుకుని ఉండి ఒక్కసారిగా వదిలేస్తుందని వాళ్ళంటారు. పట్టు పెరిగితే మలుపుల్లో పాత రిమ్ముల మీద, చక్రాల బేరింగుల మీద పడే ఒత్తిడీ పెరుగుతుందని హెచ్చరిస్తారు. ఇవన్నీ నిజాలే.

రేడియల్ పక్షం మాటలు ఇంకా బలమైనవి. తడి రోడ్డు మీద పట్టు ఎక్కువ. బ్రేకు వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుంది. దొర్లడానికి అడ్డు తక్కువ కాబట్టి పెట్రోలు ఆదా అవుతుంది. వేడి తక్కువ. టైరు ఎక్కువ కాలం మన్నుతుంది. క్రాస్ ప్లైకి రోడ్డు మీది గాడులు, తారు అంచులు పట్టుకుని పక్కకు లాగే గుణం ఉంది. లారీలు తొక్కి గాడులు పడిన రహదారిలో అంబాసిడర్ నడిపినవాళ్ళకు ఆ లాగుడు తెలుసు. రాత్రంతా నిలిపి ఉంచితే నైలాను కింది భాగంలో చదునుగా కూర్చుంటుంది. పొద్దున్నే మొదటి కొన్ని కిలోమీటర్లు దడదడమంటూ వేడెక్కాక గానీ సర్దుకోదు. రేడియల్‌కు ఈ బాధ చాలా తక్కువ.

నా తీర్పు వాడకం మీద ఆధారపడుతుంది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. అలాంటి ప్రదర్శన వాహనానికి కాలానికి తగిన టైరే ఉండాలి, రేడియల్ వేస్తే చరిత్ర తప్పుతుంది. 1950కి ముందటి కారును ఏడాదికి నాలుగైదుసార్లు ర్యాలీకో పెళ్ళికో నెమ్మదిగా తీసేవాళ్ళకు క్రాస్ ప్లై సరిపోతుంది. ఆదివారాలు కుటుంబంతో బయటికి వెళ్ళే, విజయవాడ నుంచి హైదరాబాదుకు హైవే మీద వచ్చే అంబాసిడర్‌కు, పద్మినికి రేడియలే వేయాలి. చుట్టూ ఉన్న కార్లు నేటి బ్రేకులతో ఆగుతున్నప్పుడు, డ్రమ్ము బ్రేకుల కారుకు టైరు ద్వారా దొరికే సాయాన్ని వదులుకోవడం అనవసరం.

ఒక నియమానికి మాత్రం మినహాయింపు లేదు. ఒకే ఇరుసు మీద రెండు రకాలు కలపకూడదు. ముందు రేడియల్, వెనక క్రాస్ ప్లై అసలే వద్దు. మలుపులో రేడియల్ తక్కువ జారుతుంది, క్రాస్ ప్లై ఎక్కువ జారుతుంది. ముందు చక్రాలు గట్టిగా పట్టుకుని వెనకవి జారితే కారు వెనక భాగం బయటికి తిరిగిపోతుంది. ఇలా అమర్చడాన్ని బ్రిటన్‌లో చట్టమే నిషేధించింది. డబ్బు చాలక రెండే కొనాల్సి వస్తే రేడియళ్ళు వెనక వేయాలి. అయిదూ ఒకేసారి మార్చడమే మంచి పని. అయిదోది స్టెప్నీ. చాలా పాత కార్లలో అందరూ మరిచిపోయిన ముసలి టైరు డిక్కీలో ఉంటుంది, అవసరం పడిన రాత్రి అదే రోడ్డెక్కుతుంది.

మన కార్ల సంగతి

పద్మిని యజమానులు అదృష్టవంతులు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసిన ఈ కారు అసలు సైజు 5.20-14, ఎత్తు సుమారు 605 మిల్లీమీటర్లు. 155/80 ఆర్ 14 వేస్తే 604 వస్తుంది, అంటే సరిగ్గా సరిపోయినట్టే. అది దొరక్కపోతే స్విఫ్ట్, డిజైర్ కార్లలో కొన్నిటికి వచ్చే 165/80 ఆర్ 14 దేశమంతటా దొరుకుతుంది. దాని ఎత్తు 620, తేడా రెండున్నర శాతం లోపే. స్టీరింగ్‌ను పూర్తిగా రెండువైపులా తిప్పి, మనుషులను ఎక్కించి, ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకుంటే చాలు.

అంబాసిడర్ కథ కష్టమైంది. బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా పుట్టి, ఉత్తరపాడాలో 2014 మే దాకా తయారైన ఈ కారు అసలు సైజు 5.90-15, ఎత్తు సుమారు 665. ఆ ఎత్తుకు బాగా కలిసే రేడియల్ 175/80 ఆర్ 15, దాని ఎత్తు 661. 165/80 ఆర్ 15 అయితే 645 వస్తుంది, అది మూడు శాతం తక్కువ కాబట్టి హద్దు మీద నిలుస్తుంది. కానీ మన షాపుల్లో 15 అంగుళాలంటే చేతికిచ్చేవి వేరు. స్విఫ్ట్ పై మోడళ్ళకు వచ్చే 185/65 ఆర్ 15 ఎత్తు 622 మాత్రమే. అది వేస్తే కారు రెండు సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. స్పీడోమీటరు 60 చూపించినప్పుడు అసలు వేగం 56 ఉంటుంది. అంబాసిడర్‌కు గర్వకారణమైన ఆ నిటారుతనం పోయి, బండి కుంగినట్టు కనిపిస్తుంది.

పాత ఇన్నోవా సైజు 205/65 ఆర్ 15 ఎత్తులో 648 వస్తుంది కాబట్టి నయమనిపిస్తుంది. అక్కడ చిక్కు రిమ్ము దగ్గర. ఆ టైరు కనీసం అయిదున్నర అంగుళాల రిమ్మును కోరుతుంది. అంబాసిడర్ అసలు రిమ్ము అంతకంటే బాగా ఇరుకైనది. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు వేస్తే పక్క గోడలు లోపలికి ముడుచుకుని, ట్రెడ్ మధ్యలో ఉబ్బి, మలుపులో ఊగుతుంది. పవర్ స్టీరింగ్ లేని కారుకు బరువూ పెరుగుతుంది. వెడల్పు టైరు బలమైనదన్న నమ్మకం మన ఊళ్ళలో గట్టిగా ఉంది. కానీ తక్కువ బరువున్న పాత కారు కింద వెడల్పు టైరు నీళ్ళ మీద తేలిపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది. ఇరుకు టైరు నీటిని చీల్చుకుంటూ నేలను అందుకుంటుంది. కాబట్టి అంబాసిడర్‌కు 80 శాతం ఎత్తున్న 15 అంగుళాల రేడియల్ కోసం కొంతకాలం వెతకాలి. దొరకనప్పుడు తప్పుడు రేడియల్ కంటే కొత్తగా తయారైన 5.90-15 నైలానే మేలు.

జీపుల విషయంలో ఊళ్ళలో ఒక ప్రమాదకరమైన అలవాటు ఉంది. విల్లీస్, పాత మహీంద్రా జీపుల సైజు 6.00-16. ట్రాక్టరు ముందు చక్రానికీ ఇదే సైజు ఉంటుంది. రిమ్ముకు సరిగ్గా కూర్చుంటుంది, చౌకగా దొరుకుతుంది. కానీ అది గంటకు 30, 40 కిలోమీటర్ల వేగంతో పొలంలో తిరగడానికి చేసిన టైరు. దాని మీది నిలువు గట్లు ట్రాక్టరును తిప్పడానికే గానీ, తడి తారు మీద బ్రేకు పట్టడానికి పనికిరావు. జీపుకు జీపు టైరే కొనాలి.

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఉన్నవారికి 5.60-15 బదులు 165/80 ఆర్ 15 సరైన జోడీ. ఎత్తు తేడా చాలా తక్కువ. ఇంజను వెనక ఉన్న కారు కాబట్టి ముందు చక్రాలకంటే వెనక చక్రాలకు గాలి ఎక్కువ పెట్టాలన్న కంపెనీ సూచనను మాత్రం మరవకూడదు.

బరువు, వేగం

నేటి టైరు మీద సైజు పక్కన 84టి, 85ఎస్ లాంటి గుర్తులుంటాయి. అంకె మోయగల బరువు, అక్షరం తట్టుకోగల వేగం. 75 అంటే 387 కిలోలు, 80 అంటే 450, 84 అంటే 500, 85 అంటే 515. ఎస్ గంటకు 180 కిలోమీటర్లు, టి 190. పాత కార్లకు వేగం అక్షరం సమస్య కాదు, ఏదైనా సరిపోతుంది. బరువు అంకెను చూసి కొనాలి.

అంబాసిడర్ ఖాళీ బరువు 1,100 నుంచి 1,200 కిలోల మధ్య ఉంటుంది. అయిదుగురు పెద్దవాళ్ళూ డిక్కీ నిండా సామానూ ఉంటే 1,500 దాటుతుంది, ఆ అదనపు బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది. వెనక ఒక్కో టైరు 450 కిలోలకు అటూఇటూగా మోయాల్సి వస్తుంది. అందుకే 84కు తగ్గని టైరే వేయాలి. పద్మిని సుమారు 900 కిలోల కారు, దానికి 165/80 ఆర్ 14 మీద ఉండే 85 ధారాళంగా సరిపోతుంది. పాత టైర్ల మీద కనిపించే 4 పీఆర్, 6 పీఆర్ (ప్లై రేటింగ్) కూడా బలానికి కొలతలే. నూలు దారాల కాలంలో అన్ని పొరలుంటే ఎంత బలమో ఈ టైరుకు అంత బలం అని అర్థం. లోపల నిజంగా ఆరు పొరలున్నాయని కాదు.

రిమ్ము, ట్యూబు

కొత్త టైరు కొనేముందు పాత రిమ్మును విప్పి చూడాలి. తుప్పు గీకించి, బోల్టు రంధ్రాల చుట్టూ, వెల్డింగు అతుకుల వెంట సన్నని పగుళ్ళున్నాయేమో పరీక్షించాలి. రేడియల్ పట్టు వల్ల పాత ఉక్కు రిమ్ము మీద ఒత్తిడి పెరుగుతుందన్న హెచ్చరిక ఇక్కడే అక్కరకొస్తుంది. చక్రం తిప్పి చూసినప్పుడు వంకర కనిపిస్తే బ్యాలెన్సింగ్ వెయిట్లతో దాన్ని దాచకూడదు, రిమ్మునే సరిచేయించాలి.

ట్యూబ్‌లెస్ టైరు గాలి నిలబెట్టుకోవాలంటే రిమ్ము అంచు లోపల చిన్న గట్టు ఉండాలి. మలుపులో టైరు అంచు లోపలికి జారిపోకుండా అది అడ్డుకుంటుంది. చాలా పాత రిమ్ములకు ఆ గట్టు లేదు. తీగల చక్రాలకైతే ఆకుల రంధ్రాల గుండా గాలి పోతుంది కాబట్టి ట్యూబూ, దాన్ని కాపాడే రబ్బరు పట్టీ తప్పనిసరి. అలాంటి రిమ్ముల మీద ట్యూబ్‌లెస్ రేడియల్ వేయాలంటే లోపల రేడియల్‌కు పనికొచ్చే ట్యూబు, సరైన సైజుది, కొత్తది వేయించాలి. టైరు లోపల అతికించిన కాగితం చీటీలను పూర్తిగా తీసేయాలి. అవి ట్యూబును రాస్తూ రాస్తూ కోసేస్తాయి. ట్యూబు ఉన్న టైరు మేకు గుచ్చుకుంటే ట్యూబ్‌లెస్ కంటే వేగంగా గాలి వదిలేస్తుందని కూడా గుర్తుంచుకుని నడపాలి.

టైరు వయసు

నేను అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టే విషయం ఇది. పాత కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి వాటి టైర్లు అరగవు. గాడులు లోతుగా, నల్లగా, చూడ్డానికి కొత్తవిలా ఉంటాయి. లోపల రబ్బరు మాత్రం ఎండకూ ఓజోనుకూ ఆక్సిజనుకూ గట్టిపడుతూనే ఉంటుంది. పగుళ్ళు రాకుండా రబ్బరులో కలిపే మైనాలు టైరు తిరిగి వంగినప్పుడే పైకి వచ్చి రక్షిస్తాయి. నిలిచిపోయిన కారు టైరుకు ఆ రక్షణ కూడా దొరకదు. కాబట్టి తక్కువ తిరిగిన టైరు ఎక్కువ భద్రమన్న నమ్మకం తలకిందులుగా ఉంది.

2012లో బ్రిటన్‌లోని సర్రేలో సంగీతోత్సవం నుంచి తిరిగివస్తున్న ఒక బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. ఆ టైరు వయసు 19 ఏళ్ళు దాటిందని విచారణలో తేలింది. ఆ దుర్ఘటన తర్వాత ఏళ్ళ తరబడి సాగిన పోరాటం వల్ల 2021 ఫిబ్రవరి నుంచి అక్కడ లారీలు, బస్సుల ముందు ఇరుసు మీద పదేళ్ళు దాటిన టైర్లను నిషేధించారు.

వయసు తెలుసుకోవడం కష్టం కాదు. పక్క గోడ మీద డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2318 అంటే 2018వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. మూడే అంకెలుంటే అది 2000కు ముందటి టైరు, దాన్ని రోడ్డు మీదికి తీసుకురాకూడదు. ఆరేళ్ళు దాటిన టైరును ఏటా నిపుణుడికి చూపించాలి. పదేళ్ళు నిండితే ఎంత బాగా కనిపించినా తీసేయాలి. మన వేసవి ఎండలకు, రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఆరుబయట నిలిచే కార్లకు, ఏడెనిమిదేళ్ళకే మార్చడం వివేకం. ట్రెడ్ గాడుల మధ్య ఉండే చిన్న గట్లు 1.6 మిల్లీమీటర్ల అరుగుదల హద్దును చూపిస్తాయి. పాత కారు విషయంలో ఆ హద్దు రాకముందే వయసు హద్దు వచ్చేస్తుంది.

ఇక్కడే మరో ఆకర్షణ గురించి చెప్పాలి. ఎక్కడో గోడౌనులో ముప్ఫై ఏళ్ళుగా వాడకుండా ఉన్న అసలు కంపెనీ టైర్లు దొరికాయని, అవి వజ్రాలని అమ్మేవాళ్ళుంటారు. ప్రదర్శనకు నిలబెట్టే కారుకైతే కొనండి. మనుషులు కూర్చునే కారుకు వద్దు.

అసలు రూపం, చట్టం

రూపం మీద ప్రేమ తప్పు కాదు. ఇరుకుగా, ఎత్తుగా, గాడులు నేరుగా ఉన్న టైరు పాత కారుకు ఇచ్చే గాంభీర్యం మరేదీ ఇవ్వదు. విదేశాల్లో ఈ కోరికను తీర్చే పరిశ్రమే ఉంది. అమెరికాలో 1958లో మొదలైన కోకర్ టైర్ పాత అచ్చుల్లో కొత్త రబ్బరుతో టైర్లు పోయిస్తుంది. పైకి క్రాస్ ప్లైలా కనిపిస్తూ లోపల రేడియల్ అయిన టైర్లనూ అమ్ముతుంది. మిషెలిన్, పిరెల్లీ కంపెనీలు పాత కార్ల కోసం ప్రత్యేక శ్రేణులు నడుపుతున్నాయి. అమెరికాలో స్థిరపడి 1960ల మస్టాంగ్‌నో షెవర్లేనో పెంచుకుంటున్న తెలుగువారికి ఈ సౌకర్యం ఇంటి గుమ్మంలో ఉన్నట్టే.

మన దేశంలో అంత తేలిక కాదు. 2009 నాటి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కారు టైర్లకు ఐఎస్ఐ ముద్ర ఉండాలి, ప్రమాణం ఐఎస్ 15633. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని పరిమితుల జాబితాలో చేర్చింది. కాబట్టి విదేశీ టైరుకు డబ్బు కట్టేముందు నిబంధనలు ఈరోజుకు ఎలా ఉన్నాయో, ముద్ర ఉందో లేదో కస్టమ్స్ వ్యవహారాలు తెలిసినవారితో సంప్రదించాలి.

2021 జులైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న వాహనాలకు వీఏ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఇచ్చాయి. పెద్ద మార్పులంటే ఛాసీ, బాడీ, ఇంజనులలో చేసే మార్పులనే ఆ నిబంధనలు పేర్కొంటాయి. సరైన ఎత్తున్న రేడియల్ వేయించుకుంటే కారు అసలుతనం పోతుందన్న భయం అక్కర్లేదు. పోటీల్లో న్యాయనిర్ణేతలు మార్కులు తగ్గించవచ్చు. ఆ మార్కులు కావాలనుకునేవారు ప్రదర్శనకు ఒక సెట్టు, ప్రయాణానికి ఒక సెట్టు రిమ్ములతో సహా ఉంచుకోవచ్చు.

తెల్ల పట్టీ కోసం టైరుకూ రిమ్ముకూ మధ్య ఇరికించే రబ్బరు రింగులు వద్దు. అవి తిరుగుతూ పక్క గోడను రాసి పలచన చేస్తాయి. రంగు పూయడమూ మంచిది కాదు, అందులోని ద్రావకాలు రబ్బరును తింటాయి.

వేయించాక

నైలాను నుంచి రేడియల్‌కు మారినప్పుడు వీల్ అలైన్‌మెంట్ తప్పక చేయించాలి. పాత పుస్తకంలోని టో-ఇన్ (ముందు చక్రాలు లోపలికి తిరిగి ఉండే కొలత) అంకె క్రాస్ ప్లైకి రాసింది, రేడియల్‌కు దాన్ని కొంచెం తగ్గించాల్సి రావచ్చు. గాలి కూడా పాత అంకె కంటే కాస్త ఎక్కువ కావాల్సి వస్తుంది. టైరు మీద రాసిన గరిష్ఠ హద్దు దాటకుండా, రెండు మూడు పీఎస్‌ఐ పెంచి చూసి, ట్రెడ్ మధ్యలోనూ అంచుల్లోనూ సమంగా అరుగుతోందో గమనించాలి. గాలి ఎప్పుడూ కారు నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొట్టించాలి. ఎండలో వేడెక్కిన టైరులో ఎక్కువ చూపించిందని గాలి తీసేస్తే రాత్రికి అది తక్కువవుతుంది, తక్కువ గాలితో నడిచిన టైరే ఎక్కువ వేడెక్కి పేలుతుంది.

నెలల తరబడి కారు నిలపాల్సి వస్తే స్టాండ్ల మీదికి ఎత్తి ఉంచాలి. ఎత్తడం కుదరకపోతే గాలి కొంచెం ఎక్కువ పెట్టి, అప్పుడప్పుడూ కారును ముందుకూ వెనక్కీ జరపాలి. ఎండ నేరుగా పడనివ్వకూడదు. పెట్రోలు, ఆయిలు మరకలు తుడిచేయాలి. వెల్డింగు, కరెంటు మోటార్లు నడిచే షెడ్డులో టైర్లు ఉంచకూడదు, అక్కడ పుట్టే ఓజోను రబ్బరుకు శత్రువు.

తేల్చి చెప్పాలంటే

ముందు కారు అసలు టైరు ఎత్తును లెక్కకట్టండి. రిమ్ము వెడల్పును కొలవండి. ఆ రెండిటికీ కుదిరే సైజుల జాబితా రాసుకోండి. అందులో బరువు అంకె చాలనివి కొట్టేయండి. ప్రయాణానికైతే రేడియల్, ప్రదర్శనకైతే కాలానికి తగిన క్రాస్ ప్లై అని నిర్ణయించుకోండి. షాపులో టైరు మీది నాలుగంకెలు చదివాకే డబ్బివ్వండి. స్టెప్నీతో కలిపి అయిదూ మార్చండి.

ఇంజను ఒకసారి బాగుచేయిస్తే పాతికేళ్ళు ఉండవచ్చు, రంగు ఇరవై ఏళ్ళు ఉండవచ్చు. టైర్లు అలా కావు. కారు కదిలినా కదలకపోయినా ఏడెనిమిదేళ్ళకోసారి మళ్ళీ కొనాల్సిందే. పాత కారును ఇంట్లో ఉంచుకోవాలని నిర్ణయించుకున్నవారు ఆ ఖర్చును మొదటి రోజు నుంచే పక్కన పెట్టుకోవాలి. అది ఆ కారులో కూర్చునే మనవాళ్ళ కోసం పెట్టే ఖర్చు.